కాశీలో నడక: ఘాట్లు మీరే చూడొచ్చు, గల్లీలకు మాత్రం తెలిసిన మనిషి కావాలి

డిసెంబరు మొదటి వారంలో అమ్మానాన్నలతో మూడు రోజులు కాశీలో ఉంటామన్నారు. నాన్నగారికి అరవై ఏడేళ్లు, మోకాళ్ల నొప్పులు ఉన్నాయి, అయినా ఊరిని నడిచే చూడాలని ఉందన్నారు. గైడ్ కావాలా, ఏ దారిన వెళ్లాలి, ఎంతసేపు పడుతుంది అని అడిగారు. ముందు సూటిగా చెప్తాను. అస్సీ నుంచి దశాశ్వమేధం దాకా ఘాట్ల వెంట నడవడానికి గైడ్ అక్కర్లేదు. దశాశ్వమేధం దాటాక విశ్వనాథుడి గుడి చుట్టూ, అక్కణ్ణుంచి పంచగంగ దాకా ఉన్న గల్లీలకు మాత్రం దారి తెలిసిన మనిషి ఉండాల్సిందే. మొత్తాన్ని ఒకే నడకగా పెట్టుకోకండి. రెండు ఉదయాలు, ఒక సాయంత్రం అని మూడు ముక్కలు చేసుకుంటే మీ నాన్నగారు కూడా హాయిగా తిరగగలరు.

ఊరి అమరిక ముందు బుర్రలో పెట్టుకోండి, సగం ఇబ్బంది అక్కడే తీరుతుంది. గంగ ఇక్కడ ఉత్తరవాహిని. ఘాట్లన్నీ పడమటి గట్టు మీద తూర్పు ముఖంగా ఉంటాయి, ఎదురు ఒడ్డున ఉండేది ఇసుక మేట. దక్షిణపు కొసన అస్సీ, ఉత్తరపు కొసన వరుణ గంగలో కలిసే చోట ఆదికేశవ ఘాట్. ఈ రెంటి మధ్య ఆరేడు కిలోమీటర్ల మేర ఎనభై నాలుగు ఘాట్లని లెక్క. అస్సీ నుంచి బయల్దేరితే నది ఎప్పుడూ మీ కుడిచేతి వైపే ఉంటుంది, నీళ్లూ మీరు నడిచే వైపే పారుతుంటాయి. ఎండ సంగతీ దీన్నిబట్టే. పొద్దున ఘాట్ల మీద నిండుగా ఎండ పడుతుంది. మధ్యాహ్నం మూడు దాటాక వెనక ఉన్న మేడల నీడ మెట్ల మీదికి వచ్చేస్తుంది. డిసెంబరు మొదట్లో సూర్యోదయం ఆరున్నర ప్రాంతంలో, సూర్యాస్తమయం అయిదుంపావు లోపే. ఆ నెలలో పొద్దుటి ఎండ సుఖంగానే ఉంటుంది. అదే మే నెలలో అయితే పది గంటలకే రాతి మెట్ల మీద చెప్పుల్లేకుండా కాలు పెట్టలేరు.

మీరు ఎంచుకున్న కాలం మంచిదే. కార్తీక పౌర్ణమి నాటి దేవ్ దీపావళి రద్దీ అప్పటికి తగ్గి ఉంటుంది, మంచు ఇంకా ముదరదు. డిసెంబరు చివర, జనవరిలో పొగమంచు బాగా పట్టిన రోజుల్లో తేరుకునేదాకా పడవల్ని వదలరు. వానాకాలంలో వెళ్లాలనుకునేవాళ్లకి ఒక మాట: జూలై నుంచి సెప్టెంబరు దాకా ఘాట్ల వెంట నడక అనే మాటే మరిచిపోవాలి. ఇక్కడ గంగకు ప్రమాద స్థాయి 71.262 మీటర్లు, దానికి ఒక మీటరు కింద హెచ్చరిక స్థాయి. నీళ్లు ఆ మట్టానికి రాకముందే ఒక ఘాట్ నుంచి పక్క ఘాట్‌కి పోయే దారి తెగిపోతుంది, దశాశ్వమేధంలో సాయంత్రం ఇచ్చే గంగా హారతిని కూడా పైమెట్లకో, మేడ మీదికో మారుస్తారు. 1978లో నది 73.901 మీటర్ల దాకా వచ్చింది. వరద తీశాక మిగిలే ఒండ్రు మట్టి అంతకంటే ప్రమాదం. అడుగుల మందాన పేరుకుంటుంది, పంపులు పెట్టి కడిగినా కింది మెట్ల మీద డిసెంబరుకి కూడా అక్కడక్కడా మిగిలే ఉంటుంది. పైన ఎండి గట్టిగా కనిపిస్తుంది, కాలు వేస్తే లోపల జారుడు. అందుకని నీటికి ఆనుకున్న చివరి నాలుగైదు మెట్లు వదిలేసి పై వరుసలోనే నడవండి.

మెట్ల గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే మీ యాత్ర బాగా జరగడం వాటి మీదే ఆధారపడి ఉంది. ఘాట్లకు వాడింది చునార్ ఇసుకరాయి. వందల ఏళ్లుగా కాళ్లు పడి నున్నబడింది. డిసెంబరు తెల్లవారుజామున మంచు తడి పట్టి ఉంటుంది కాబట్టి అడుగు పట్టు ఉన్న చెప్పులు కావాలి. వాటిని గుడి దగ్గర వంగకుండా విప్పుకునేలా ఉండాలి, బూట్లు పనికిరావు. కింద రబ్బరు టోపీ ఉన్న చేతికర్ర ఒకటి తీసుకెళ్లండి. మోకాళ్ల నొప్పులవాళ్లకు ఎక్కడం కంటే దిగడమే ఎక్కువ బాధ. కాబట్టి ఎక్కడైనా దిగుడు తప్పించుకునే వీలుంటే తప్పించడం, ఎక్కుడు ఒక్కసారే నిదానంగా ఎక్కడం అనే లెక్కతోనే కింద దారి చెప్తున్నాను.

మొదటి ఉదయం అస్సీ నుంచి కేదార్ ఘాట్ దాకా. సుమారు కిలోమీటరున్నర. ఊరికే నడిస్తే అరగంట, ఆగి చూస్తూ నడిస్తే రెండు గంటలు. ఆటో అస్సీ దాకా వస్తుంది, దిగాల్సిన మెట్లూ తక్కువే, అందుకే మొదలు ఇక్కడ పెట్టమంటున్నాను. తెల్లవారకముందే అస్సీలో హారతి ఇస్తారు, ఆ వెంటనే సంగీతం, యోగాసనాలు ఉంటాయి. సుబహ్-ఎ-బనారస్ అనే ఈ కార్యక్రమం 2014 నుంచి జరుగుతోంది. దశాశ్వమేధం సాయంత్రపు హారతిలో తోపులాటకి భయపడేవాళ్లు దీన్ని చూసినా తృప్తిగా ఉంటుంది, కూర్చోవడానికి చోటు దొరుకుతుంది. హారతి అయి వెలుగొచ్చాక ఉత్తరానికి కదలండి.

పది నిమిషాల్లో తులసీ ఘాట్. తులసీదాసు నివసించిన చోటు, పైన చిన్న హనుమంతుడి గుడి ఉంది. దాని వెనక సందులోకి ఎక్కితే లోలార్క కుండం, ద్వాదశాదిత్యుల్లో ఒకరి తీర్థం. ఇది మామూలు కోనేరు కాదు. మూడు వైపుల నుంచి నిటారుగా మెట్లు బావిలాంటి లోతుకి దిగుతాయి. నాన్నగారు పై గట్టు నుంచి చూస్తే చాలు, దిగనక్కర్లేదు. ఆ తర్వాత భదైనీ దగ్గర నదిలో కనిపించే గుండ్రటి కట్టడాలు గుళ్లు కావు, ఊరికి నీళ్లు తోడే పంపింగ్ స్టేషన్‌వి. ఇంకాస్త ముందుకెళ్తే కోటగోడలాంటి చేత్ సింగ్ ఘాట్ వస్తుంది. 1781లో ఈస్టిండియా కంపెనీ గవర్నర్ జనరల్ వారన్ హేస్టింగ్స్ కాశీరాజు చేత్ సింగ్‌ని ఇక్కడే నిర్బంధిస్తే, తలపాగాలు ముడివేసి తాడు చేసుకుని కిటికీలోంచి నదిలోకి దిగి తప్పించుకున్నాడు. నీటి వైపు గోడ ఎత్తు చూశాక ఆ సంగతి గుర్తుచేసుకోండి. ఇక్కడ దారి చదునుగా ఉంటుంది, కూర్చుని సేదదీరడానికి మంచి చోటు.

హనుమాన్ ఘాట్ నుంచి దక్షిణాది వాసన మొదలవుతుంది. కంచి మఠం గుడి, తమిళ, తెలుగు, కన్నడ పురోహితుల ఇళ్లు, పొద్దున్నే ఇడ్లీ, కాఫీ దొరికే చోట్లు ఈ పరిసరాల్లోనే. తెలుగు మూలాలున్న వైష్ణవ ఆచార్యుడు వల్లభాచార్యులు 1531లో దేహం చాలించింది కూడా ఈ ఘాట్ దగ్గరేనని సంప్రదాయం. తర్వాత వచ్చేది హరిశ్చంద్ర ఘాట్. కాశీలోని రెండు శ్మశాన ఘాట్లలో ఇది చిన్నది, పెద్దది మణికర్ణిక, దారి చితుల పక్కనుంచే పోతుంది. మడి పట్టింపు ఉన్నవాళ్లు, చూడటానికి మనసొప్పనివాళ్లు హనుమాన్ ఘాట్ దగ్గరే పైకెక్కి సోనార్‌పురా రోడ్డు మీదుగా కేదారేశ్వరుడి గుడి సందులోకి రావచ్చు. పది నిమిషాలు ఎక్కువ పడుతుంది, అంతే. ఘాట్ మీదుగా వెళ్లేవాళ్లు పైమెట్ల వరుసలో, ఆగకుండా, ఫోన్ జేబులో పెట్టుకుని వెళ్లాలి. చితుల ఫొటోలు తీయకూడదు, పడవలోంచి కూడా. ఆ కుటుంబాల దుఃఖం మనకు దృశ్యం కాకూడదు.

హరిశ్చంద్ర దాటాక, కేదార్‌కి ముందు, మన విజయనగరం ఘాట్ ఉంది. విజయనగరం రాజులు కట్టించింది. చాలామంది గమనించకుండా దాటిపోతారు, గోడ మీద పేరు చూడండి. దాని పక్కనే ఎర్ర, తెల్ల చారల మెట్లతో కేదార్ ఘాట్. మీ దారిలో మెట్లు బాగా నిటారుగా ఉండేది ఇక్కడే. నాన్నగారిని ఘాట్ వైపు నుంచి ఎక్కించాలంటే మధ్యలో రెండు చోట్ల కూర్చోబెట్టి ఎక్కించండి. లేదా ఇందాక చెప్పినట్టు సోనార్‌పురా వైపు గల్లీలోంచి తీసుకురండి, అటు వాకిలి వీధి మట్టానికే ఉంటుంది. కేదారేశ్వర లింగం చెక్కింది కాదు, నడుమ గీత ఉన్న సహజశిల. ఘాట్ మెట్ల మీద ఉన్న గౌరీకుండం కూడా చూడండి. దర్శనం అయ్యాక సోనార్‌పురా రోడ్డుకి వస్తే ఈ-రిక్షా దొరుకుతుంది. ఆ ఉదయానికి నడక చాలు.

తెలుగువాళ్లు బస ఎక్కడ పెట్టుకోవాలని వేరే అడగలేదు గానీ, నడక దృష్ట్యా చెప్తున్నాను. కేదార్ ఘాట్, మానసరోవర్ ఘాట్, పాండే హవేలీ చుట్టుపక్కల ఉంటే మూడు నడకలకీ మధ్యలో ఉంటారు. తెలుగు యాత్రికులు దిగే శ్రీరామ తారక ఆంధ్రాశ్రమం మానసరోవర్ దగ్గరే. తెలుగు బోర్డులు, తెలుగు మాట్లాడే దుకాణాలవాళ్లు, తెలుగు భోజనం అన్నీ ఈ పేటలోనే. సత్రాల్లో మధ్యాహ్న భోజనానికి పొద్దున్నే పేర్లు చెప్పి ఉంచాలి, వేళకి వెళ్లి నిలబడితే కుదరకపోవచ్చు. గదులు నెలల ముందే రాసుకోవాలి.

రెండో నడక అదే రోజు సాయంత్రం. మానసరోవర్ నుంచి దశాశ్వమేధం దాకా కిలోమీటరు లోపే. నాలుగు గంటలకి బయల్దేరితే మెట్ల మీద నీడ ఉంటుంది. దారిలో నారద ఘాట్ వస్తుంది, భార్యాభర్తలు కలిసి ఇక్కడ స్నానం చేస్తే తగువులొస్తాయని నమ్మకం, అందుకే జంటలు ఇక్కడ మునగరు. చౌసట్టీ ఘాట్ పైన చౌసట్టీ దేవి గుడి, అరవై నలుగురు యోగినుల పేరు మీద వచ్చింది. దర్భంగా ఘాట్ దగ్గర నిలువెత్తు రాతి భవనం చూసి కోట అనుకుంటారు, దాని మెట్లు ఎక్కాల్సిన పని లేదు. తర్వాత మున్షీ, అహల్యాబాయి ఘాట్లు, శీతలాదేవి గుడి, ఆపైన దశాశ్వమేధం.

హారతి చలికాలంలో ఆరు గంటల ప్రాంతంలో మొదలవుతుంది, ముప్పావుగంట నడుస్తుంది. గంట ముందే చేరాలి. ఇక్కడ ఎక్కువమంది చేసే పొరపాటు హారతి వేదికల ఎదురుగా నడిమధ్యన కూర్చోవడం. చూడటానికి బాగానే ఉంటుంది, అయిపోగానే వేలమంది ఒక్కసారిగా గోదౌలియా కూడలి వైపు మెట్లెక్కుతారు, పెద్దవాళ్లకి ఊపిరాడదు. మీరు దక్షిణపు అంచున, అహల్యాబాయి ఘాట్ వైపు మెట్ల మీద కూర్చోండి. కొంచెం పక్క నుంచి కనిపిస్తుంది, అయినా అంతా కనిపిస్తుంది. అయిపోయాక గోదౌలియాకి పోకుండా వచ్చిన దారినే ఘాట్ల వెంట మానసరోవర్‌కి నడిచి వచ్చేయండి. అటు మనుషులే ఉండరు. దీపాలు ఉంటాయి గానీ చేతిలో టార్చి ఉంటే నాన్నగారికి అడుగు వేయడం సులువు.

పడవలోంచి హారతి చూడాలనుకుంటే ఎక్కకముందు నాలుగు సంగతులు తేల్చుకోండి: ధర మనిషికా, పడవకా, ఎంతసేపు, ఎక్కడిదాకా వెళ్లి ఎక్కడ దింపుతాడు, లైఫ్ జాకెట్లు ఉన్నాయా. హారతి వేళ పడవలు ఒకదానికొకటి ఆనించి కట్టేస్తారు, మధ్యలో దిగిపోదామంటే నాలుగు పడవల మీద అంగలు వేయాలి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి అది వద్దు. పడవ షికారు పొద్దున పెట్టుకోండి. తెడ్డు పడవ అయితే అస్సీలో ఎక్కి ప్రవాహంతో పాటు మణికర్ణిక దాకా వెళ్లి దశాశ్వమేధంలో దిగడం మంచిది. తిరిగి అస్సీకే రావాలంటే ఎదురు ప్రవాహం, సమయం బాగా పడుతుంది, అందుకే డబ్బు ఎక్కువ అడుగుతారు.

ఇక మూడో నడక. గైడ్ కావాల్సింది దీనికే. దశాశ్వమేధం నుంచి విశాలాక్షి, మణికర్ణిక, పంచగంగ మీదుగా కాలభైరవుడి గుడి దాకా, అటూ ఇటూ తిరుగుళ్లతో కలిపి రెండు కిలోమీటర్ల పైన, మూడు గంటలు. ఇక్కడ దారి తప్పడం మీ తెలివి తక్కువై కాదు. గల్లీ వెడల్పు రెండు బారలు కూడా ఉండదు, రెండు పక్కలా నాలుగైదు అంతస్తుల ఇళ్లు. ఫోన్‌లో జీపీఎస్‌కి ఆకాశం కనిపించక మిమ్మల్ని పక్క గల్లీలో చూపిస్తుంది. ఇంకో కారణం ఇంకా ముఖ్యం. గుడి నుంచి గంగ దాకా కట్టిన విశాలమైన ప్రాంగణం, విశ్వనాథ ధామ్ కారిడార్, 2021 డిసెంబరు 13న ప్రారంభమైంది. దానికోసం లాహోరీ టోలా లాంటి పేటలు పూర్తిగా పోయాయి. అంతకుముందు రాసిన దారులు, తీసిన వీడియోలు చూసి వెళ్తే ఆ గల్లీలే ఉండవు. మణికర్ణిక దగ్గర కూడా నిర్మాణ పనుల వల్ల దారి మారుతుంటుంది. కాబట్టి గైడ్‌ని "మణికర్ణిక నుంచి సింధియా ఘాట్‌కి ఇప్పుడు ఏ దారి తెరిచి ఉంది?" అని అడగండి. వెంటనే చెప్పగలిగినవాడు ఈమధ్య అటు నడిచినవాడు.

గైడ్ లేకుండా చిక్కుకుపోతే రెండు ఉపాయాలు. ఒకటి, గుడి పేరు అడగకుండా దగ్గర్లోని ఘాట్ పేరు అడగండి, చిన్నపిల్లలు కూడా చెప్తారు. రెండోది, ఇంటి గుమ్మాల మీది నంబరు పలకలు. నంబరు ముందు ఉండే అక్షరం పేటని చెప్తుంది: బీ అంటే భేలూపుర్, డీ అంటే దశాశ్వమేధం, సీకే అంటే చౌక్, కే అంటే కోత్వాలీ, ఏ అంటే ఆదంపుర్. గుళ్లకీ ఇవే నంబర్లు. కేదారేశ్వరుడు బీ 6/102, విశాలాక్షి డీ 3/85, కాలభైరవుడు కే 32/22. డీ పలకలు పోయి సీకే పలకలు మొదలయ్యాయంటే విశ్వనాథుడి వైపు, కే మొదలైతే కాలభైరవుడి వైపు వెళ్తున్నారన్నమాట. మ్యాప్ కంటే ఈ పలకలు నమ్మకం.

విశ్వనాథ దర్శనాన్ని ఈ నడకలో కలపొద్దు. కలిపితే రెండూ చెడతాయి, ఎందుకంటే లోపలికి ఫోన్, స్మార్ట్ వాచీ, బ్యాగు, పెన్ను ఏవీ రానివ్వరు. బయట "లాకర్ ఉచితం" అని పిలిచే దుకాణాలు బదులుగా ప్రసాదం బుట్ట ఎక్కువ ధరకి అంటగడతాయి. దర్శనానికి తెల్లవారుజామున గదిలోంచే ఉత్త చేతులతో బయల్దేరండి. జేబులో కొంచెం డబ్బు, అసలు ఆధార్ కార్డు, అంతే. అందరూ కలిసి ఉండండి, తప్పిపోతే ఎక్కడ కలుసుకోవాలో ముందే అనుకోండి, లోపల ఫోన్ ఉండదు కదా. నాన్నగారి కోసం గేటు దగ్గర చక్రాల కుర్చీ అడగండి. హారతి, సుగమ దర్శనం (డబ్బు కట్టి త్వరగా చేసుకునే దర్శనం) టికెట్లు దేవస్థానం అధికారిక వెబ్‌సైట్లోనే తీసుకోవాలి. "వీఐపీ దర్శనం చేయిస్తా" అని వీధిలో పలకరించేవాళ్లకి డబ్బు ఇవ్వకండి. సోమవారం తప్పించండి. గుడి ఇప్పుడున్నది 1780లో అహల్యాబాయి హోల్కర్ కట్టించింది, శిఖరాల బంగారం పంజాబు మహారాజా రంజిత్ సింగ్ ఇచ్చింది. పక్కనే అన్నపూర్ణమ్మ, డుంఢి గణపతి. ఆ మూడూ చూసుకుని గదికి వచ్చి టిఫిన్ చేసి, కాసేపు పడుకుని, తొమ్మిదిన్నరకి గల్లీ నడక మొదలుపెట్టండి. లేదా మర్నాటికి ఉంచుకోండి, ఇంకా మేలు.

మన్ మందిర్ ఘాట్‌తో మొదలు. పైన జయపూర్ రాజు సవాయ్ జయసింహుడి ఖగోళ యంత్రాలున్నాయి. మెట్లు ఎక్కాలి కాబట్టి నాన్నగారు కింద కూర్చున్నా నష్టం లేదు. అక్కణ్ణుంచి మీర్ ఘాట్ పైగల్లీలో విశాలాక్షి గుడి. "వారణాస్యాం విశాలాక్షీ" అని రోజూ చదువుకునే మనవాళ్లు తప్పకుండా వెళ్తారు. గోపురం దక్షిణాది పద్ధతిలో ఉంటుంది, తమిళ వర్తకులైన నాట్టుకోట్టై చెట్టియార్ల పోషణ. లోపల ముందున్న పెద్ద విగ్రహం చూసి వచ్చేస్తారు చాలామంది. దాని వెనక పాత మూలమూర్తి ఉంది, పక్కకి వంగి చూస్తే కనిపిస్తుంది, అడిగి చూడండి. తర్వాత లలితా ఘాట్ మీది నేపాలీ గుడి. 19వ శతాబ్దంలో నేపాల్ రాజులు కట్టించారు, చెక్క పని అంతా అక్కడి తీరులో ఉంటుంది. రద్దీ తక్కువ, ఒక పావుగంట ఊపిరి పీల్చుకోవచ్చు.

మణికర్ణిక దగ్గరికి వచ్చేసరికి గల్లీలో "రామ్ నామ్ సత్య హై" అని వినిపిస్తుంది. వినగానే గోడకి ఆనుకుని నిలబడి దారి ఇవ్వండి, శవాన్ని మోసుకొచ్చేవాళ్లు ఆగరు, ఆగకూడదు కూడా. ఇక్కడ ఒక మోసం ఏళ్ల తరబడి ఒకే తీరున నడుస్తోంది. ఎవరో మర్యాదగా వచ్చి, డబ్బేమీ అక్కర్లేదు, వృద్ధుల ఆశ్రమంలో సేవ చేస్తున్నాను, పైనుంచి బాగా కనిపిస్తుంది రండి అంటాడు. పైకి వెళ్లాక, దిక్కులేనివాళ్ల చితికి కట్టెలు దానం చేయమని కిలోల లెక్కన అడుగుతారు, పుణ్యం పేరు చెప్పి భయపెడతారు. పైకి వెళ్లకపోతే గొడవే లేదు. అక్కడే చక్రపుష్కరిణి కుండం ఉంది, మణికర్ణికలో అసలు తీర్థం అదే, చితుల వేడిలో పడి దాన్ని చూడకుండా పోతారు. దాటగానే నీళ్లలోకి ఒరిగి ఉన్న రత్నేశ్వర మహాదేవుడి గుడి. పునాది కిందికి కుంగి అలా వాలింది. పక్కన సింధియా ఘాట్ కూడా తన బరువుకి తానే కుంగిందే. నీళ్లున్నన్ని రోజులూ రత్నేశ్వరుడి గర్భగుడిలోకి ఒండ్రు చేరుతుంది.

ఇక్కణ్ణుంచి పంచగంగకి ఘాట్ వెంట వెళ్లొచ్చు, కానీ పంచగంగ మెట్లు నిటారుగా, పొడుగ్గా ఉంటాయి. నాన్నగారికి నేను చెప్పేది వేరే దారి. సంకటా దేవి గుడి వైపు గల్లీలోకి ఒకసారి ఎక్కేస్తే, ఆ తర్వాత పైన పైననే బిందుమాధవుడి గుడి దాకా వెళ్లొచ్చు, మళ్లీ నదికి దిగనక్కర్లేదు. అలసిపోతే ఆ రోజు అక్కడితో ఆపి, వేరే పూట ఆటోలో మైదాగిన్ వచ్చి కాలభైరవుణ్ణి చూసి, అటునుంచి నడిచి బిందుమాధవుడి దగ్గరికి వెళ్లి వెనక్కి రావచ్చు. పాత బిందుమాధవ ఆలయం ఉన్న చోట ఔరంగజేబు కాలపు మసీదు ఉంది, ఇప్పటి గుడి పక్కనే ఇంటిలా చిన్నగా ఉంటుంది. గంగ, యమున, సరస్వతి, కిరణ, ధూతపాప అనే అయిదు నదులు కలిసే చోటని పంచగంగకి పేరు. త్రైలింగస్వామి మఠం ఈ ఘాట్ పైనే ఉంది. విజయనగరం ప్రాంతంలో పుట్టి కాశీలో దిగంబరిగా తిరిగి 1887లో సిద్ధి పొందిన మహానుభావుడు. తెలుగు యాత్రికులు ఇంత దూరం వచ్చి ఈ మఠం చూడకుండా వెళ్లడం చాలా బాధగా అనిపిస్తుంది. గైడ్ జాబితాలో ఇది ఉండదు, మీరే అడగాలి.

అక్కడి నుంచి గల్లీల్లో పది పదిహేను నిమిషాలు నడిస్తే కాలభైరవుడు, కాశీకి కోత్వాల్, అంటే ఊరి కాపరి. నల్లతాడు ఇక్కడే కట్టించుకుంటారు. ఆది, మంగళవారాలు విపరీతమైన జనం. నడక ఇక్కడ ముగించమనడానికి కారణం ఉంది: దగ్గర్లోనే మైదాగిన్, విశ్వేశ్వర్‌గంజ్ రోడ్లు, ఆటో దొరుకుతుంది. ముందు కాలభైరవుడి దగ్గర అనుమతి తీసుకున్నాకే విశ్వనాథుడనే ఆచారం మీ ఇంట్లో ఉంటే, దిగిన రోజే ఆటోలో వెళ్లి దర్శనం చేసుకుని రండి. ఇంటి ఆచారాన్ని టూర్ కోసం మార్చుకోవద్దు.

గైడ్‌ని ఎలా ఎంచుకోవాలంటే, పర్యాటక శాఖ ఇచ్చిన గుర్తింపు కార్డు చూపించమనండి. హిందీ, ఇంగ్లీషు వచ్చినవాళ్లు చాలామంది, తెలుగు వచ్చినవాళ్లు తక్కువ. ధర బృందం మొత్తానికా, మనిషికా, ఎన్ని గంటలకు అన్నది ముందే ఖాయం చేయండి. "ఎక్కడా చీరల దుకాణంలో ఆపకూడదు" అని మొదట్లోనే చెప్పండి. కమీషన్ కోసం చివరి అరగంటని దుకాణంలో గడిపేసే టూర్లు ఎక్కువ, పట్టుచీర కొనాలంటే వేరే రోజు మీరే వెళ్లండి. మంచి గైడ్ మాట్లాడగానే మెట్లెక్కగలరా అని తనే అడుగుతాడు. ఎనిమిది, పది మందికి మించిన బృందంలో చేరొద్దు. గల్లీలో ఎద్దు ఒకటి అడ్డం నిలబడితే బృందం రెండు ముక్కలవుతుంది, వెనకవాళ్లు తప్పిపోయేది అప్పుడే.

గైడ్ వేరు, పురోహితుడు వేరు. పిండప్రదానం, గంగాపూజ, దంపతి పూజ లాంటివి చేయించాలంటే పాండే హవేలీ, కేదార్ ఘాట్ వైపు తెలుగు పురోహితుల్ని ఆశ్రమం ద్వారానో, మీ బంధువుల ద్వారానో ముందే మాట్లాడుకోండి. సామగ్రి, దక్షిణ, బ్రాహ్మణ భోజనం అన్నీ కలిపి ఎంతో బయల్దేరకముందే చెప్పించుకోవాలి. నీళ్లలో నిలబడి సంకల్పం మొదలయ్యాక బేరం ఆడలేరు. పంచతీర్థ స్నానం చేయాలనుకుంటే అది నడకలో అయ్యే పని కాదు. సంప్రదాయపు వరుస అస్సీ, దశాశ్వమేధం, ఆదికేశవం, పంచగంగ, మణికర్ణిక, అంటే చివరి రెండింటికి మళ్లీ ఎదురు ప్రవాహంలో రావాలి, కాబట్టి మోటారు పడవ పూటకి మాట్లాడుకోవాలి.

స్నానం గురించి ఒక జాగ్రత్త. నీళ్ల కింది మెట్లు పాచి పట్టి, అక్కడక్కడా విరిగి ఉంటాయి, రెండు మెట్ల తర్వాత ఒక్కసారిగా లోతు వస్తుంది. నాన్నగారు మోకాలి లోతు మెట్టు మీదే కూర్చుని, గొలుసు పట్టుకుని, చెంబుతో పోసుకుంటే చాలు. డిసెంబరు నీళ్లు చల్లగా ఉంటాయి కాబట్టి ఎండ పొడిచాక చేయించండి. పొడి తువ్వాలు, స్వెటరు గట్టు మీద ఒకరు పట్టుకుని సిద్ధంగా ఉండాలి.

చివరి పూట మిగిలితే ఆటోలో దుర్గాకుండ్, సంకటమోచన్, గవ్వలమ్మ గుడి ఒక్క చుట్టులో అయిపోతాయి. ఇవి నడక దూరం కావు. శని, మంగళవారాల్లో సంకటమోచన్‌లో రద్దీ ఎక్కువ, కోతులు కళ్లజోళ్లు, ప్రసాదం సంచులు లాక్కుంటాయి, నాన్నగారి కళ్లజోడు జేబులో పెట్టించండి. గవ్వలమ్మకి అయిదు గవ్వలు గుడి దగ్గరే అమ్ముతారు. నాలుగు అమ్మవారికి వేసి, ఒకటి ప్రసాదంగా ఇంటికి తెచ్చుకోవడం ఆనవాయితీ. నడకల మధ్య ఏం తినాలంటే, పొద్దున వేడి వేడి కచోడీ, కూర, చలికాలంలో మాత్రమే దొరికే మలైయో తప్పకుండా రుచి చూడండి. పాల నురుగుతో చేస్తారు, ఎండ ఎక్కితే కరిగిపోతుంది కాబట్టి పొద్దున్నే అడగాలి. ఠండాయీ అనే చల్లటి పాల పానీయం తాగేముందు మాత్రం భంగ్ (గంజాయి ఆకు ముద్ద) వేయలేదని ఒకటికి రెండుసార్లు అడిగి తెలుసుకోండి, బీపీ మందులు వాడే పెద్దవాళ్లకి అసలు ఇవ్వకండి.